ప్లగ్గు మీద చెయ్యి

"మీ నాయనకు చెప్పు. రేపటికల్లా గది ఖాళీ చెయ్యాలని చెప్పు."

పెంచలప్రసాద్ అరుస్తున్నది ఐదేళ్ల పిల్ల మీద.

విడవలూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న రొయ్యల హేచరీకి అతను యజమాని. పిల్ల పేరు తాలా. ఆమె తండ్రి రూఫస్‌ను రొయ్య పిల్లలను పుట్టించే పని కోసం ఫిలిప్పీన్స్ నుంచి రప్పించి, హేచరీలోనే కాపురానికి గది ఇచ్చాడు. రూఫస్‌కూ అతని భార్యకూ తెలుగు రాదు. ఏడాదిన్నరగా వంటమనిషి గంగాభవాని చంకలో తిరిగిన తాలాకు మాత్రం నెల్లూరు తెలుగు బాగా వచ్చు. బయటివాళ్ల మాట ఏదైనా ఆ ఇంట్లోకి తాలా నోటి గుండానే వెళ్లాలి.

తాలా తండ్రి వైపు తిరిగి ఆ మాట వాళ్ల భాషలో చెప్పింది. ఒక్క ముక్క వదల్లేదు.

రూఫస్ తొట్టి వైపు చూశాడు. నిన్నటిదాకా అందులో నలభై తల్లి రొయ్యలు ఉండేవి. విమానంలో తెప్పించినవి. ఇప్పుడు పదకొండే కదులుతున్నాయి. మిగిలినవన్నీ అడుగున వెల్లకిలా పడి ఉన్నాయి. నీళ్లలోకి గాలి కొట్టే మోటరు రాత్రంతా ఆడలేదు.

"నేను కళ్లారా చూసినా సార్," అన్నాడు కాపలాదారు ఓబయ్య. "తెల్లారి తొట్టి గదిలోకి వస్తే ఈ పాప ప్లగ్గు మీద చెయ్యి పెట్టి ఉంది. నన్ను చూసి ఉలిక్కిపడి గౌను జేబులో చెయ్యి దూర్చుకుంది."

"ఇంకేముంది. రాత్రి పీకింది, పొద్దున గుట్టుగా పెట్టేసింది," అన్నాడు పెంచలప్రసాద్.

నిన్న సాయంత్రం కరెంటు పోయిన మాట నిజం. వరండాలో కట్టిన క్రిస్మస్ చుక్క ఆరిపోయి తాలా, మూడేళ్ల తమ్ముడు ఒకటే ఏడుపు. కరెంటు లేకపోయినా ఇన్వర్టరు మీద పనిచేసే ప్లగ్గు అక్కడ ఒక్కటే. అది తొట్టి గదిలో ఉంది. దానికే మోటరు. చుక్క వెలిగించుకోవడానికే తాలా మోటరు పీకిందని పెద్దవాళ్ల లెక్క.

అదే సమయానికి పెంచలప్రసాద్ పెద్ద కేకు తెచ్చాడు. ఫోను టార్చి వెలుగులో పిల్లల చేత కోయించాడు. బోలెడు ఫొటోలు తీశాడు. "మా ఫారిన్ ఫ్యామిలీ" అని రాసి ఊళ్లో అందరికీ పంపాడు. మామా అని పిలవమని తాలా బుగ్గ గిల్లాడు. పోయే ముందు తొట్టి గదిలో ఒక్కడే కాసేపు కూర్చున్నాడు. విమానమెక్కి వచ్చిన రొయ్యలను చూసుకోవడం అతనికి ముచ్చట.

ఈరోజు ఆ ముచ్చట లేదు. పెంచలకోన స్వామి బొమ్మ అంటించిన ఫోను పొద్దున్నుంచీ చెవి దగ్గరే ఉంది.

"ఇంకొకణ్ణి చూడన్నా. పెళ్లాం బిడ్డలు లేనోడైతే మేలు," అంటున్నాడు ఎవరితోనో.

రూఫస్ మెల్లగా ఏదో అన్నాడు. తాలా తల ఎత్తకుండా తెలుగులో చెప్పింది.

"రేపు పండగంట. పండగ పొయ్యేదాకా ఉండనీమని నాయన అడగతా ఉండాడు మామా."

"ఒక్క పూట కూడా కుదరదని చెప్పు. నువ్వు చేసిన పనికే అని కూడా చెప్పు."

తాలా అది కూడా చెప్పింది.

తల్లి విసురుగా వచ్చి తాలా చెంప మీద కొట్టింది. వరండాలోకి పోయి చుక్కను లాగి నేలకేసి కొట్టింది. నెల రోజులు కూర్చుని రూఫస్ చేసిన చుక్క. వెదురు పుల్లలు పటపటా విరిగాయి. మూడేళ్ల పిల్లవాడు గుక్కపట్టాడు.

తాలా ఏడవలేదు. చెయ్యి జేబులోనే ఉంది. జేబు ఉబ్బెత్తుగా ఉంది.

గంగాభవాని ఇక ఓర్చుకోలేకపోయింది. చేతిలో గరిటె అలాగే పట్టుకుని వంటగదిలోంచి వచ్చింది.

"ఏందన్నా ఇది? బిడ్డ నోటితోనే బిడ్డని తిట్టిస్తా ఉండారే. మీకు బిడ్డలు లేరా?"

"నువ్వు పోయి వంట చూసుకో."

"చూసుకుంటాలే. నిన్న మీరు తెచ్చిన కేకు ఇంకా పొయ్యి కాడే ఉంది. నిన్న బుగ్గ గిల్లినారు, ఈరోజు గెంటతా ఉండారు." ఓబయ్య వైపు తిరిగింది. "నువ్వు చెప్పు సాక్షి. రాత్రంతా మోటరు ఆడకుంటే నీకు చెవులు వినపడలేదా? ఎవరింట్లో నిద్రపోతా ఉండావు?"

ఓబయ్య తువ్వాలు సర్దుకున్నాడు.

"పొద్దున్నే బుడగలు చూడనిదే పళ్లు తోముకోదు ఈ పిల్ల," అంది గంగాభవాని. "బుడగలు ఆగితే తల్లులు చచ్చిపోతాయని నాకు చెప్పింది ఇదే. ఇది పీకతాదా?"

"మరి ప్లగ్గు కాడ ఏం పని?" అన్నాడు పెంచలప్రసాద్.

"అది మీరు అడిగినారా? ఇంతమంది ఉండారే, ఒక్కరన్నా బిడ్డని అడిగినారా?"

మోటరు చప్పుడు, పదకొండు రొయ్యల మీద బుడగల చప్పుడు మాత్రం వినిపిస్తున్నాయి.

గంగాభవాని గరిటె కింద పెట్టి తాలా ముందు కూర్చుంది.

"చెప్పు తల్లీ. ఎవరేమన్నా నేనున్నా. ఏం చేసినావు ఆడ?"

తాలా గౌను జేబులోంచి పెంచలకోన స్వామి బొమ్మ అంటించిన చార్జరు బయటికి తీసి, "మోటరు ప్లగ్గులో ఇది ఉండింది మామా, పీకేసి మోటరు పెట్టినా," అంటూ పెంచలప్రసాద్ వైపు చెయ్యి చాపింది.