ఒక్క చెంచా పనసపొట్టు

త్రిమూర్తులుగారు ఆకుదొన్నెని వేలితో వెనక్కి నెట్టేశారు.

"ఈ స్టాల్లో నేను తిననండి," అన్నారు. ఆ మాట కూర పెట్టిన అమ్మాయితో అనలేదు, పక్కనున్న సుధాకర్‌తో అన్నారు.

రాజమహేంద్రవరంలో గోదావరి గట్టున జరుగుతున్న ఈ ఫుడ్ ఫెస్టివల్ బరువంతా సుధాకర్ నెత్తిమీదే ఉంది. పోటీకి పిలిచిన ముగ్గురు రుచి చూసేవాళ్ళలో త్రిమూర్తులుగారే పెద్దదిక్కు. రామచంద్రపురం రైతు. ఆయనకెంత పొలముందో చాలామందికి తెలీదు గానీ, ఆయన నాలుక సంగతి గోదావరికి రెండువైపులా తెలుసు. తునిలో మామిడి తాండ్ర ప్రదర్శన పెట్టినా, ఏ ఊళ్ళో పిండివంటల మేళా పెట్టినా పిలవకుండానే వెళతారు. సొంత డబ్బుతో తింటారు. బాగోకపోతే మొహంమీదే చెప్పి, మళ్ళీ ఇంకో ముద్ద తింటారు. అలాంటి మనిషి ఒక స్టాలుని రుచి చూడకుండా దాటడం ఎవరూ ఎరగరు.

పోటీ నియమం ఒక్కటే. ముగ్గురూ రుచి చూడాలి. ఒక్కరు వదిలేసినా ఆ స్టాలు పోటీలో లేనట్టే. గెలిచినవాళ్ళకి రేవు దగ్గర ఏడాదిపాటు అద్దెలేని కొట్టు ఇస్తారు. ఆ కొట్టు కావాలని అందరికీ ఉంది గానీ, ఈ స్టాలు పెట్టిన హారతికి అది లేకపోతే గడవదు. ఆమె భర్త కిరణ్ కుమార్ కుడిచెయ్యి ఆ మధ్య మిషన్లో పడి నలిగిపోయింది. మెళ్ళో చిన్న సిలువ, చేతికి పెద్ద కట్టుతో వెనకాల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరి తిండీ ఇప్పుడు ఆమె గరిటె మీదే ఆధారపడి ఉంది. మిగతా ఇద్దరూ అప్పటికే ఆ కూర తిని లొట్టలేసి వెళ్ళారు కూడా.

జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి. కుర్రాడి మెళ్ళో సిలువ చూసే పెద్దాయన వెనకాడుతున్నాడని ఎవరో గొణిగారు. సుధాకర్‌కి ఒళ్ళు మండింది. ఇంతకుముందే జ్ఞానమ్మగారి స్టాల్లో, బైబిలు వాక్యం రాసిన బోర్డు కిందే నిలబడి, కొరమీను పులుసు మళ్ళీ అడిగి వేయించుకున్న మనిషికి అలాంటి పట్టింపు అంటగడితే ఎవరు నమ్ముతారు?

హారతి తలెత్తకుండానే మాట్లాడింది.

"ఉప్పు తక్కువే వేశానండి. బీపీ ఉన్నా పరవాలేదు. ఎండుమిరపకాయలు ఏరేశాను. ఆవ మాత్రం బాగా పెట్టాను. ఒక్క చెంచా చాలండి."

దొన్నెలోంచి ఆవ ఘాటు గుప్పుమంది. పెద్దాయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ముందు ఎవరికైనా తిరుగుతాయి. ఆయన కండువాతో మొహం తుడుచుకుని అటు తిరిగిపోయారు.

సుధాకర్ ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి బతిమాలాడు. ఆ అమ్మాయి పరిస్థితి చెప్పాడు. కిరణ్ చెయ్యి సంగతి చెప్పాడు. నాలిక్కి తగిలించి ఊసేసినా చాలన్నాడు. పెద్దాయన గోదావరి వైపు తిరిగి నోరు విప్పారు.

"నిరుడు కాశీ వెళ్ళానండి. గంగలో నిలబడి వదిలేశాను. ఇంక ముట్టకూడదు. నన్ను బలవంతపెట్టకండి."

సుధాకర్‌కి ప్రాణం లేచొచ్చింది. కాశీ వెళ్ళినవాళ్ళు తమకి బాగా ఇష్టమైనది ఒకటి అక్కడ వదిలేసి రావడం ఇటువైపు ఇంటింటా ఉన్నదే. ఒకరు వంకాయ వదులుతారు, ఒకరు మామిడిపండు వదులుతారు. వదిలాక చచ్చేదాకా దాని జోలికి పోరు. పెద్దాయన కాశీలో పనసపొట్టు వదిలేశారట, తప్పుగా అనుకోవద్దని మైకులో చెప్పేశాడు. జనం తలలూపారు. ఫోన్లు దిగాయి. త్రిమూర్తులుగారు ఔననలేదు, కాదనలేదు.

కూర కాకపోతే ఇంకేదైనా రుచి చూపించమని సుధాకర్ హారతికి వెసులుబాటు ఇచ్చాడు. వండింది ఆ ఒక్కటే. ఆమె గబగబా లోపలికి వెళ్ళి, తాము తాగడానికి తెచ్చుకున్న మజ్జిగ గ్లాసులో పోసి, రెండు చేతులతో పట్టుకొచ్చింది.

"దాహం లేదు," అని ఆయన ముందుకి నడిచారు.

"పోనీలే హారతీ, ఊరుకో," అన్నాడు కిరణ్ కుర్చీలోంచి. ఆమె గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది.

ఆ స్టాలు పోటీలో లేదని చెప్పొచ్చి సుధాకర్ పెద్దాయన్ని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆయన సాయిదుర్గ స్టాలు దగ్గర కనిపించారు. చేతిలో ప్లేటు, ప్లేటులో పలావు. పనసపొట్టు పలావు. వంచిన తల ఎత్తకుండా తింటున్నారు. ప్లేటు ఖాళీ చేసి, పొట్టు ఇంకా సన్నగా కొట్టాల్సిందని సాయిదుర్గకి చెప్పి, ఆమె ఇచ్చిన మజ్జిగ గటగటా తాగేశారు.

సుధాకర్ ఇంక ఆపుకోలేకపోయాడు.

"కాశీలో వదిలేశానని చెప్పి ఆ అమ్మాయి నోటికాడ కూడు తీశారు. ఇక్కడ అదే పనసపొట్టు తింటున్నారు. ఇదేం న్యాయమండి?"

త్రిమూర్తులుగారు చెయ్యి కడుక్కున్నారు. అవతల హారతి గిన్నెలు సర్దుకుంటోంది. కిరణ్ ఒంటిచేత్తో బోర్డు విప్పుతున్నాడు. ఆయన మొదటిసారి అటు తిన్నగా చూశారు.

"పనసపొట్టని నేననలేదండి," అన్నారు. "అన్నిటికంటే ప్రాణమైనదే వదలాలన్నారు పంతులుగారు. నేను నా కూతుర్ని వదిలేశాను."