లోతుకు పోయే చెట్టు

"అశోక చెట్లే కావాలక్కా. జీఎం బంగ్లా ముందట ఉన్నట్టు లైనుగ ఉండాలె," అంది సారలమ్మ.

"బంగ్లాకు రోజూ నీళ్ళ ట్యాంకరు వస్తుంది. మీ క్వార్టర్‌కు వస్తుందా?" అంది నాగేశ్వరి.

లేడీస్ క్లబ్ వరండా అంతా నవ్వులు. బయట మే నెల ఎండ నిప్పులు చెరుగుతోంది. వానలు పడగానే గనుల కాలనీలో నాటడానికి మొక్కలు తెప్పిస్తున్నారు. ఏ ఇంటికి ఏ మొక్కో కనుక్కుని నర్సరీకి చెప్పి పంపే పని, బాటనీ చదివిందని నాగేశ్వరి మీద పడింది. భర్త బదిలీతో కొత్తగూడెం నుంచి గోదావరిఖని వచ్చి ఆమెకింకా ఏడాది కాలేదు. వచ్చిన కొత్తలో అమలాపురంలోని పుట్టింటి నుంచి తెచ్చుకున్న కొబ్బరి మొక్కను మురిపెంగా పెరట్లో పెట్టుకుంది. ఏప్రిల్ దాటకుండానే అది చీపురుకట్టయింది. అప్పట్నుంచి ఈ ఎండకీ బొగ్గు దుమ్ముకీ తట్టుకోని మొక్కను ఎవరడిగినా ఒప్పుకోవడం లేదు.

"నీకేం కావాలి ఇమాంబీ?"

ఇమాంబీ కాలనీ పార్కులో చెట్లకు నీళ్ళు పోసే మనిషి. అందరూ చెప్పేదాకా ఆగి, స్తంభం పక్కనుంచి ముందుకు వచ్చింది.

"వేరు బాగ లోతుకు పోయే చెట్టు ఏదమ్మా?"

నాగేశ్వరికి ప్రాణం లేచొచ్చింది. పొద్దుట్నుంచి పువ్వులూ పండ్లూ అడిగినవాళ్ళే గాని వేరు సంగతి అడిగిన మనిషి లేదు.

"ఇదీ అడగాల్సిన మాట! తురాయి వద్దు, గాలికి కూలిపోతుంది. వేప మంచిదే. అన్నిటికంటే లోతుకు పోయేది మాత్రం జమ్మి. పైన మూరెడున్నప్పుడే కింద నిలువెత్తు వేరు దించుతుంది. ఎంత ఎండలైనా చావదు."

"జమ్మి మా దసరకు గాని, నీకెందుకే ఇమాంబీ?" అంది సారలమ్మ.

"ఆకు నువ్వే తెంపుకో అక్కా. నాకు వేరు చాలు." నాగేశ్వరి వైపు తిరిగింది. "ఎంత లోతు పోతదమ్మా?"

"అరవై అడుగుల దాకా పోతుందంటారు."

"గంతేనా?" ఇమాంబీ ముఖం చిన్నబోయింది. "మూడొందల ఫీట్లు పోయేది లేదా?"

"నీకు చెట్టు కాదే, బోరింగు కావాలె!" సారలమ్మ మాటకు అందరూ ఘొల్లుమన్నారు.

"అంత లోతుకు ఏ చెట్టూ పోదు ఇమాంబీ. మీ దగ్గర నీళ్ళు అంత అడుక్కు పోయాయా?"

"నీళ్ళకేం తక్కువ లేదమ్మా, కిందంత నీళ్ళే. జమ్మే రాసుకోండ్రి."

"ఇంటి ముందా, వెనకా?"

"ఇంటికాడ కాదు. మూతపడ్డ పాత బాయి ఉన్నది గద, ఆ కంచె లోపట."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సారలమ్మ చెప్పులు వెతుక్కునే నెపంతో వంగింది.

"ఆ గని దగ్గరా? ఆ బీడులో దాన్ని ఎవరు చూస్తారు?"

"నేనే చూస్త. డ్యూటీ దిగినంక నీళ్ళు పోస్త."

"మీ ఆయన ఒప్పుకుంటాడా?"

"ఆయన కోసమేనమ్మా. పాత క్వార్టర్ల పెద్ద వేపచెట్టుంటుండె. షిఫ్టు దిగి వచ్చి దాని కిందనే మంచమేసుకునేటోడు."

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ మాట ఎత్తింది నాగేశ్వరి. ఆమె భర్త సుబ్రహ్మణ్యం గనుల సర్వే ఆఫీసరు.

"కుదరదు. నేను రాకముందే నీళ్ళు విరుచుకుపడి మూసేసిన గని అది. పైన నేల ఎప్పుడు కుంగుతుందో తెలీదు. మనుషులే పోకూడదని కంచె వేస్తే చెట్టు పెడతామంటారేంటి?"

"ఒక్కటేనండీ."

"అడిగిందెవరు?"

"ఇమాంబీ అని, పార్కులో పనిచేస్తుంది."

సుబ్రహ్మణ్యం అన్నం కలపడం ఆపాడు. తలెత్తకుండానే అన్నాడు. "మొక్క ఇవ్వు. ఇంటి దగ్గర పెట్టుకోమను. అంతకుమించి నా చేతుల్లో ఏం లేదు."

జూలైలో లారీ వచ్చింది. చెప్పిందొకటి, వచ్చిందొకటి. అన్నీ నీలగిరి, సుబాబుల్ మొక్కలే. "వాళ్ళు ఎక్కించినయే తెచ్చినమ్మా," అన్నాడు డ్రైవరు. సారలమ్మ నర్సరీవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టింది. అన్నిటికీ అడుగున, కవరు చిరిగి, జానెడు జమ్మి మొక్క ఒక్కటి దొరికింది.

ఇమాంబీ దాన్ని రెండు చేతులతో పసిబిడ్డను అందుకున్నట్టు అందుకుంది.

"ఇంటి దగ్గరే నాటాలి. సరేనా?"

ఇమాంబీ చిరిగిన కవరు చుట్టూ కొంగు చుట్టి, మొక్కను తీసుకుని వెళ్ళింది.

సాయంత్రం తుంపర పడుతుంటే నాగేశ్వరి గొడుగేసుకుని వాళ్ళ క్వార్టర్‌కు వెళ్ళింది. తలుపుకు తాళం. ముంగిట్లో ఎక్కడా మట్టి కదిలిన జాడ లేదు. పక్కింటి గుమ్మంలోంచి సారలమ్మ పాత గని వైపు చెయ్యి చూపించి లోపలికి పోయింది.

కంచె తీగ ఒకచోట పైకి వంచి ఉంది. లోపల ఇమాంబీ గొంతుక్కూచుని ఉంది. మొక్క నాటడం అయిపోయింది. పక్కన, గనిలోకి దిగేవాళ్ళు వెంట తీసుకుపోయే నీళ్ళ డబ్బా ఉంది. కొంగు తలమీదికి లాక్కుని, పెదవులు కదుపుతూ ఏదో చదువుకుంటోంది. మొక్క బతకాలని కాబోలు అనుకుంది నాగేశ్వరి. అయినా కోపం ఆగలేదు.

"చెప్పానా లేదా ఇమాంబీ! నేల కుంగిందంటే చెట్టుతో పాటు నువ్వూ పోతావు. రేపో మాపో మావాళ్ళే వచ్చి దీన్ని పీకేస్తారు. నేను ఆపలేను."

"ఎరికేనమ్మా."

"అదే ఇంటి ముందైతే మీ ఆయన నీడపట్టున కూచునేవాడు గదా. ఇక్కడ నీడ ఎవరికి?"

"నీడ వద్దమ్మా. వేర్లు పోతె చాలు."

ఇమాంబీ డబ్బాలో మిగిలిన నీళ్ళు మొదట్లో వంపింది. తడిసిన మట్టిమీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది.

"ఆయన్ను ఈ బాయిలకెల్లి బయటికి తియ్యనే లేదమ్మా."