దవాఖానకిచ్చిన రోడ్డు

“మామకు బియ్యమిస్తవు, అత్తకెందుకియ్యవు? ఆమె నిన్ను కనలేదా?”

అనసూర్య చాటలో బియ్యం ఏరుతూనే అడిగింది. తెల్లారితే పెత్రమాస. చనిపోయిన పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చే రోజు. ఏటా ముందురోజు ఆ ఇంట్లో ఇదే పంచాయితి.

“శవం దొరకలే,” అన్నాడు ఆమె మొగుడు లింగమూర్తి చెప్పులు తొడుక్కుంటూ.

“పుష్కరాల్ల గోదారి తీసుకపోయిన మనిషి దొరుకుతదా? ధర్మపురికి చేయి పట్టుకొని తోలుకపోతివి, ఒక్కనివే తిరిగొస్తివి. ఆమె జీవి ఎంత ఆకలితోని తిరుగుతుందో. ఊరికి సర్పంచువు, పిడికెడు బియ్యానికి పిసినారితనమా?”

“ఇయ్యనన్న గద. ఒక్కతీరుగ నస పెట్టకు.”

కొడుకు ముత్యం మగ్గం ఆపి విని, మళ్లీ నేయడం మొదలుపెట్టాడు. కోడలు సరోజన నవ్వు దాచుకుంది.

అప్పుడే అనసూర్య తమ్ముడు ఎల్లేశం వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. చీరల మూట అరుగు మీద పడేశాడు.

“బావా, మెట్‌పల్లి అంగడికి పోతుంటే బండి వాగుకాడ దిగబడ్డది. ఈ ఏడన్న రోడ్డు పడ్తదా, పడదా?”

“పంచాయతి సమితిల మాట్లాడుత.”

“మాట్లాడుతవులే. గోదారి ఒడ్డున పెద్దరోగపోళ్ల, గదే కుష్టోళ్ల దవాఖానకు పైసలియ్యమని అడుగుతున్నవట గద. అది సర్కారుది గూడ కాదాయె. ఎవలో ధర్మానికి పెట్టుకున్నరు, వాళ్లే నడుపుకోవాలె. మన పన్ను పైసలెందుకు?”

“ఇయ్యకుంటే శాన ఏండ్ల సంది ఉన్నోళ్లను పంపిచ్చేస్తరట. ఏడికి పోతరు వాళ్లు?”

“ఇండ్లకు పోతరు. కొడుకులు లేరా, బిడ్డలు లేరా?”

లింగమూర్తి గొడుగు తీసుకుని బయటికి నడిచాడు.

“సమితి ప్రెసిడెంటు కుర్సీ మీద కన్ను పడ్డదక్కా,” అన్నాడు ఎల్లేశం. “పేరు రావాలె గద.”

సమితి ఆఫీసులోనూ అందరూ ఎల్లేశం మాటే అన్నారు. ఒక ముసలి సర్పంచు లేచి, “కొడుకులే వద్దనుకున్నోళ్లను మనమెందుకు మేపాలె?” అన్నాడు. కొందరు నవ్వారు.

లింగమూర్తి లేచాడు.

“మా ఊరి రోడ్డుకు అనుకున్న పైసలున్నయి. అవి దవాఖానకు ఇయ్యున్రి. మా ఊరు ఇంకొక్క ఏడు బురదల నడుస్తది.”

నవ్వులు ఆగిపోయాయి. సొంత ఊరి రోడ్డు వదులుకునే సర్పంచును వాళ్లు ఎన్నడూ చూడలేదు. తీర్మానం అయిపోయింది. ఇందాకటి ముసలాయనే దగ్గరికి వచ్చి భుజం తట్టాడు.

“మాకందరికి సిగ్గు తెచ్చినవయ్యా. మనిషంటే గింత దయ ఉండాలె.”

లింగమూర్తి తలెత్తలేదు. తెప్పించిన చాయ్ కూడా తాగకుండా బయల్దేరాడు.

ఊరి దగ్గర వాగు దాటుతుంటే సాలెవాడ ఎల్లక్క ఎదురైంది. నెత్తిన నూలు మూట, బురదలో అడుగు నిలవడం లేదు.

“సర్పంచ్ సాబ్, మన రోడ్డు మంజూరైందా?”

అతను ఆమె మూట అందుకుని గట్టు దాకా మోశాడు.

ఇల్లు చేరి పెరట్లో కాళ్లు కడుక్కుంటుండగా వాకిట్లో సైకిల్ గంట వినబడింది. దవాఖాన కంపౌండర్ దేవదాస్. సమితి ఫైసలా వినడానికి వచ్చినవాడు, పోతూ పోతూ సర్పంచుకు దండం పెట్టి పోదామని ఆగాడు. లింగమూర్తి తడికాళ్లతో ముందు వాకిట్లోకి ఉరికి వచ్చేసరికి, అతను అనసూర్యతో మాట్లాడి సైకిలెక్కి పోతున్నాడు.

“ఏమన్నడు?”

“సంతోషం చెప్పుమన్నడు,” అంది అనసూర్య. ఆమె చేతిలో నిండు చెంబు ఉంది. అతను తాగకుండా పోయాడో, ఆమే ఇవ్వడం మరిచిందో.

రోడ్డు పోయిన సంగతి బువ్వలకు కూర్చునే సరికి ఊరంతా తెలిసింది. అక్క ఇంట్లోనే తినడానికి కూర్చున్న ఎల్లేశం ముద్ద కలపకుండానే అందుకున్నాడు.

“బాయికాడ ఏమంటున్నరో ఎరుకేనా బావా? మంది పైసల్తోని కర్ణుడైండంటున్నరు.”

“నిజమే అంటున్నరు,” అన్నాడు లింగమూర్తి.

ఎల్లేశం తలొంచి ముద్ద కలపసాగాడు.

కాసేపటికి లింగమూర్తి మెల్లగా భార్యతో అన్నాడు. “రేపు బాపు ఒక్కని పేరు మీదనే బియ్యం.”

పొద్దుటి పంచాయితి మళ్లీ లేస్తుందని అందరూ అనసూర్య వైపు చూశారు.

“మంచిది,” అంది ఆమె.

కూర గిన్నె కింద పెట్టి, తనూ వాళ్ల మధ్య కూర్చుంది. గొంతు పెంచలేదు.

“అందరు ఇనున్రి. ముత్యం, రేపు అయ్యగారికి బియ్యమిచ్చినంక బండి కట్టు, దవాఖానకు పోతున్నం. సరోజనా, ముందటి అర్ర అలికి పెట్టు. ఆడికెల్లి ఒక మనిషిని తెస్తున్న. ఇంక మనింట్లనే ఉంటది.”

“పెద్దరోగపు మనిషినా? ఇంట్లకా?” అన్నాడు ఎల్లేశం.

“రోగం ఎన్నడో తగ్గిందట, కంపౌండర్ చెప్పిండు. తోలుకపోయెటోళ్లు రాక ఆడ ఉన్నదట.”

లింగమూర్తి చేయి పళ్లెంలోనే ఆగిపోయింది. అనసూర్య అతని వైపు చూడలేదు.

“ఎవలత్తా ఆమె?” అని అడిగింది సరోజన.

“మా అత్త.”