నిండిన ట్యాంకు

"ఇక్కడ తిప్పు" అంది మార్లీన్.

లాయిడ్ తిప్పలేదు. బస్సంత ఇల్లుబండి పెట్రోలు బంకు దారిని దాటేసి, ఏమీ ఎరగనట్టు హైవే మీద ముందుకు పోయింది.

"చెవులు పనిచేయడం లేదా? డంప్ స్టేషన్ అని అంత పెద్ద బోర్డు పెట్టాడు కదా!"

"చూశాను. అది లారీలవాళ్ల బంకు. మలుపులో స్తంభం ఉంది. బండికి గీత పడితే నువ్వు తుడుస్తావా?"

మార్లీన్ ఫోన్ ఒళ్లో పడేసుకుంది. మరుగుదొడ్డి కింద ఉండే నల్ల ట్యాంకు నిండిపోయిందని గోడ మీది ఎర్రదీపం పొద్దుటి నుంచీ మొత్తుకుంటోంది. వంటింటి నీళ్లూ స్నానం నీళ్లూ చేరే రెండో ట్యాంకుదీ అదే కథ. బండిలో వాసన మొదలైంది. సాయంత్రానికల్లా టెక్సాస్‌లోని అమరిల్లో ఊరు చేరాలి. అక్కడ ఈ మురుగు పారబోసే డంప్ స్టేషన్ లేదు. దారిలోనే ఖాళీ చేసుకుని రమ్మని అక్కడి మనిషి ఒకటికి రెండుసార్లు ఫోన్ చేసి చెప్పాడు. చేసుకోకుండా వెళితే వచ్చిన దారినే పంపేస్తాడు.

లాయిడ్ బతుకంతా టైర్ల వ్యాపారం చేశాడు. ఎదుటివాడి సరుకులో లోపాలు ఏకరువు పెట్టి బేరం తెగ్గొట్టడంలో అతన్ని మించినవాడు లేడు. ఆ విద్యంతా ఇవాళ డంప్ స్టేషన్ల మీద చూపిస్తున్నాడు.

తర్వాతిది ఒక చిన్న ఊరి పార్కులో ఉంది. మార్లీన్ పోరు పడలేక లోపలిదాకా వెళ్లాడు. దిగి, సిమెంటు గచ్చులో ఉన్న మూతను బూటుకాలితో తన్ని చూశాడు.

"వాలు సరిగ్గా లేదు. పోసిందంతా వెనక్కి వస్తుంది."

"పారబోసేది దొడ్డినీళ్లయ్యా, మహానుభావా! దానికి ఇన్ని పెళ్లిచూపులు దేనికి?"

"కుళాయి కూడా కారుతోంది. ఎక్కు."

"నేనెక్కను."

"అయితే ఇక్కడే ఉండు. వచ్చే ఏడు ఇటు వస్తే ఎక్కించుకుంటాను."

మార్లీన్ ఎక్కి, తలుపు బండి అదిరేలా వేసింది.

ఇంకాస్త దూరం పోయాక మళ్లీ ఫోన్ తీసింది. "ముందు ఒక క్యాంపు మైదానం ఉంది. వెళ్లినవాళ్లంతా బాగుందనే రాశారు."

"అందరూ బాగుందన్నారంటే అందరూ అక్కడే చస్తుంటారు. వరసలో నిలబడే ఓపిక నాకు లేదు."

"నువ్వు కావాలనే చేస్తున్నావు."

"అంత తెలిసినదానివి, వచ్చి నువ్వే తోలు."

"తోలడం రాకనేగా ఇన్నాళ్లూ నీ పక్కన కూర్చుని తిట్లు తిన్నాను!"

క్యాంపు మైదానం కూడా వెనకబడింది.

అప్పుడు స్నానాలగదిలో గుడగుడమని చప్పుడైంది. మార్లీన్ సీట్లు పట్టుకుంటూ వెనక్కి పరిగెత్తింది. అడుగు జాలీలోంచి నురగతో సహా మురికినీళ్లు పైకి తన్నుకొచ్చాయి. గడప దాటి కార్పెట్టు మీదికి పాకుతున్నాయి. ఉన్న తువ్వాళ్లన్నీ తెచ్చి కట్ట వేసింది. తడిసిన మేజోళ్లతో తిరిగొచ్చి, అతని చెవి దగ్గర వంగింది.

"ఇంకొక్కటి దాటి చూడు. ఆ నీళ్లు బకెట్టుతో తెచ్చి నీ నెత్తిన పోస్తాను."

ఆమె గొంతు విన్నాడు. ఇక బేరం నడవదని తెలిసింది. టెక్సాస్‌లోకి వచ్చాక, రోడ్డు పక్కన మొదట కనబడిన డంప్ స్టేషన్‌లోకి తిప్పాడు.

గ్లవ్స్ తొడిగాడు. గొట్టం బిగించాడు. ముందు నల్ల ట్యాంకు వదిలాడు, తర్వాత రెండోది. అలా అయితే సబ్బునీళ్లతో గొట్టం దానంతటదే కడుక్కుపోతుంది. ఎంత కోపంలో ఉన్నా ఆ వరస మాత్రం తప్పడు.

రెండూ ఖాళీ అయ్యాయి. నీళ్లు పెట్టి కడిగాడు. మళ్లీ నింపి కడిగాడు. గొట్టంలో అద్దంలాంటి నీళ్లు పారుతున్నా ఇంకోసారి నింపాడు.

వెనక వరసలో ఉన్న ట్రెయిలరువాడు హారన్ మోగించాడు. తల బయటపెట్టి అరిచాడు.

"పెద్దాయనా! అందులో సూపు కాచుకుంటావా ఏంటి? కదులు!"

"కాస్తాను. నీక్కూడా ఒక గిన్నె పోస్తాను, ఉండు."

"ముసలాడివని ఊరుకుంటున్నాను."

"ఊరుకోమని ఎవడన్నాడు? దిగిరా."

వాడు దిగాడు. తలుపుకు సరిపడా ఉన్నాడు మనిషి. లాయిడ్ గొట్టం చేత్తో పట్టుకునే ఎదురెళ్లాడు. మార్లీన్ ఇద్దరి మధ్యా వచ్చి నిలబడింది.

"బండెక్కు బాబూ. పొద్దుటి నుంచీ ఈయన్ని తిడుతున్నది నేను. ఆ పని నాది. మధ్యలో నువ్వెవరు?"

వాడు గొణుక్కుంటూ వెనక్కి తగ్గాడు.

ఆమె లాయిడ్ వైపు తిరిగింది. "ఇంకా కడగడానికి ఏముంది అందులో?"

లాయిడ్ వాల్వులు మూశాడు. మూత బిగించాడు. బిగించిన మూతనే విప్పి మళ్లీ బిగించాడు. గుడ్డ తీసుకుని, బండి పక్కల మీద పడిన నీటిచుక్కలు ఒక్కొక్కటే తుడిచాడు.

"నా మొహంలో ఏముంది, అలా చూస్తావు?" అని కసిరాడు. "చెయ్యి, ఆ అమరిల్లో మనిషికి ఫోను."

"హలో, ట్యాంకులు రెండూ ఖాళీ చేశామండీ," అంది మార్లీన్, "మీరు కొనుక్కున్న బండి సాయంత్రానికల్లా మీ వాకిట్లో ఉంటుంది."