ఐదో ఆదివారం సినిమా

వీధి కుళాయి కింద బిందె నిండింది. చిలకమ్మ వెనక్కి తిరిగి చూస్తే రత్నం లేదు.

ఐదేళ్ళ పిల్ల. ఇప్పుడే, ఇక్కడే, గట్టు మీద కూర్చుని ఉంది.

"ఒలే రత్నం!"

పలుకు లేదు. 

పదిహేను రోజులుగా ఈ హిందీ ఊరి కార్మికుల బస్తీ భుయ్యాడీహ్ అంతా ఒకటే గోల. పిల్లల్నెత్తుకుపోయే లకడ్‌సుంఘ్వా తిరుగుతున్నాడట. చేతికర్ర వాసన చూపిస్తే చాలట, పిల్లలు కిక్కురుమనకుండా వెంట నడిచిపోతారట. ఏ ఇంటి పిల్లని ఆ ఇంటి భాషలోనే పిలుస్తాడట. కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు, చెప్పేవాళ్ళు మాత్రం గుమ్మానికి ఇద్దరు.

చిలకమ్మ చేతిలో చెంబు పట్టుకునే పరిగెత్తింది. సందు మలుపులో ఒకడు కనబడ్డాడు.

చంకలో సంచి, చేతిలో కర్ర, మాసిన గడ్డం. రత్నం ముందు గొంతుక్కూర్చుని ఏదో అంటున్నాడు. అదీ తెలుగులో! పిల్ల వాడి వేలు పట్టుకుని పకపకా నవ్వుతోంది.

"ఓలమ్మో! నా గుంటని ఎత్తుకుపోతన్నాడ్రోయ్!"

ఆదివారం కదా, మగవాళ్ళంతా ఇంటిపట్టునే ఉన్నారు. కేక విని ఎక్కడివాళ్ళక్కడ పరిగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు పక్కింటి వరహాలు.

"కౌన్ హై రే తూ? ఏటి సేత్తన్నావు గుంటతోటి?"

"బాబూ, నేను... గారింటికి..."

ఏదో పేరు చెప్పబోయాడు. విననిస్తే కదా!

మొదటి దెబ్బ చిలకమ్మదే. చేతిలో ఉన్న ఇత్తడి చెంబుతో నుదుటి మీద మోదింది. ఆ తరువాత ఎవరెన్ని వేశారో ఆ దేవుడికే తెలియాలి. వాడు కుంటుకుంటూ నాలుగడుగులు వేసి, కాలవ పక్కన పడిపోయాడు.

"కదల్డం లేదురోయ్" అన్నారెవరో.

అంతే. సందంతా ఖాళీ. తలుపులన్నీ గడియలు పడ్డాయి.

కాసేపటికి కానిస్టేబుళ్ళు వచ్చి వాణ్ణి రిక్షాలో వేసుకుపోవడం చిలకమ్మ కిటికీ సందులోంచి చూసింది.  పిల్ల దక్కిందన్న సంతోషం కాస్తా ఎటు పోయిందో!

"ఆడు సచ్చిపోతే ఏటవుతాది? పోలీసులొచ్చి నన్ను తీసుకుపోతే, ఈ గుంటకి దిక్కెవరు?" అంది మొగుడితో.

పోలరాజుకీ లోపల వణుకే. పైకి మాత్రం గదిమాడు.

"నువ్వొక్కర్తివే కొట్టినావేటి? ఏడుపాపు. లే, సీర మార్సుకో. సినిమాకెల్దాం."

"ఇప్పుడు సినిమా ఏటి!"

"తెలుగోల్లందరూ ఎల్తే మనమొక్కలమే ఇంట్లో దాక్కుంటే అనుమానం రాదేటి?"

అదీ నిజమే. యాభై ఏడులో వచ్చిన సినిమాలకి పాతికేళ్ళు నిండాయని తెలుగు సంఘం వాళ్ళు సాక్చీలో హాలు మాట్లాడి, వరసగా ఐదు ఆదివారాలు పొద్దుటాట వేయిస్తున్నారు. అన్ని మంచి సినిమాలు ఒక్క ఏడాదిలో మళ్ళీ రాలేదని పెద్దవాళ్ళు ఒకటే పొగడ్త. వాటిలో ఏది గొప్పదని కుళాయి దగ్గర రోజూ తగువే. చిలకమ్మకి మాత్రం ఈవేళ వేసే ఈ ఐదోదే ప్రాణం. సంతలో తల్లి నుంచి తప్పిపోయిన ఏడేళ్ళ పిల్లాడి కథ. చిన్నప్పుడు పలాస టూరింగ్ టాకీసులో చూసి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

హాల్లో గేటుకీపరు టార్చి వేసినప్పుడల్లా చిలకమ్మ ఉలిక్కిపడింది. తనకోసమే వచ్చారనుకుంది.

"అమ్మా, అంకల్ కో క్యోం మారా?" ఎందుకు కొట్టావని రత్నం చెవిలో అడిగింది. "పానీ మాంగా థా. బస్."

నీళ్ళడిగాడా? చిలకమ్మ చటుక్కున పిల్ల నోరు మూసేసింది.

"మాటాడకు. నువ్వేటీ సూడలేదు. తెలిసిందా?"

తెర మీద పిల్లాడు ఆకలికి తాళలేక ఓ ఇంటి గుమ్మం ఎక్కాడు. ఆ ఇల్లాలు దొంగపిల్లాడనుకుని గరిటె తిరగేసి కొట్టింది.

ఎన్నిసార్లు చూస్తే ఏం, చిలకమ్మ భయం మరిచిపోయి భోరుమంది.

"నీ సెయ్యిరిగిపోను! పసిగుంటడే! కొట్టడానికి సెయ్యెలాగొచ్చిందే నీకు?"

ముందు వరసా వెనక వరసా ఆడవాళ్ళంతా కొంగులు నోట కుక్కుకున్నారు. వరహాలు కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటర్వెల్‌కి లైట్లు వెలిగాయి. సంఘం సెక్రటరీ నీలకంఠం తెర ముందుకొచ్చి మైకు పట్టుకున్నాడు. 

"ఈవేళ మీకో అతిథిని చూపిద్దామనుకున్నాను. మీరు ఆశ్చర్యపోవాలని ముందు చెప్పలేదు. అదే నా పాపం."

నీలకంఠం మైకు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"పొద్దున్న స్టేషన్లో నేను దండ పట్టుకుని ఫస్టు క్లాసు పెట్టె దగ్గర నిలబడ్డాను. ఆయన జనరల్ బోగీలోంచి దిగి వెళ్ళిపోయారు. సిద్ధగోరాలో మా ఇల్లు వెతుక్కుంటూ దారి తప్పి భుయ్యాడీహ్ పోయారు. అక్కడ పిల్లల్నెత్తుకుపోయేవాడనుకుని..."

మాట మధ్యలో ఆపి, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"సంచిలో నా ఉత్తరం చూసి, ఇప్పుడే ఆస్పత్రి నుంచి కబురు పంపారు. పోయారు."

పోలరాజు పెళ్ళాం మణికట్టు గట్టిగా నొక్కిపట్టాడు. చిలకమ్మ రత్నం మొహం కొంగులో దాచేసింది. 

"ఎవరు బాబూ ఆయన?" ముందు వరసలోంచి ఓ ముసలమ్మ అడిగింది.

నీలకంఠం ఖాళీ తెర వైపు చెయ్యి చూపించి, "ఇందాక మీరంతా ఎవరికోసం ఏడ్చారో, పాతికేళ్ళ కిందటి ఆ పిల్లాడేనమ్మా" అన్నాడు.