దానిమ్మ గింజలు

"అన్నయ్య కింద కారులో ఉన్నాడు. బట్టలు సర్దుకో," అంది శేషమ్మ, గ్రీకు అల్లుడు నికోస్ పెట్టిన దానిమ్మ గింజల ప్లేటు పక్కకు నెట్టేస్తూ. "వీడింట్లో మంచినీళ్ళు కూడా ముట్టను."

కూతురు వసుమతి కదల్లేదు. "వాళ్ళ పురాణంలోనూ పాతాళరాజు ఒక పిల్లని ఎత్తుకుపోయాడమ్మా. అక్కడ దానిమ్మ గింజలు తిన్నందుకు ఏటా కొన్ని నెలలు అక్కడే ఉండాలి. మిగతా నెలలు తల్లి దగ్గర."

"ఆ రాక్షసుడే నయం! ఏటా పంపాడు. వీడు ఆరేళ్ళుగా నిన్ను డెట్రాయిట్ దాటనివ్వలేదు."

"ఊరికే పంపలేదు. ఆ తల్లి పైర్ల దేవత. కూతురి కోసం లోకంలో పంటలన్నీ ఎండగట్టింది. నాన్న ట్రంక్ కాల్‌లో నన్ను గడప తొక్కొద్దన్న రోజు, నువ్వు ఒక్క పూట వంటైనా మానలేదు."

శేషమ్మకు ఆ పూట వండిన కూర కూడా గుర్తొచ్చింది.