పూటకు శేరు పాలు

“గొడవేం లేదు సారూ. ఈ మనిషి మాట్లాడడు, అంతే. పద్దెనిమిదేండ్ల కాపురంలో నేను విన్న మాట ఒకటే. అన్నం పెడతాంటే ‘చాల్లే’ అంటాడు,” అంది మాలకొండమ్మ.

గిద్దలూరు లాయరు వీరరాఘవయ్య ఆమె మొగుడి వైపు తిరిగాడు. “నువ్వేమంటావయ్యా నరసింహులూ?”

“ఇడిపోయేది నాకిష్టం లేదు. దానికిష్టమైతే ఏలిముద్ర ఏస్తా.”

గుమస్తా ఒప్పందం మొదలుపెట్టాడు. గిద్దలూరు జిల్లా మారి ఏడేళ్లయినా రాసే చేతికి ముందు పాత జిల్లా కర్నూలే వచ్చింది. కొట్టేసి ప్రకాశం అని రాశాడు.

“ఇల్లు?”

“దానికే.”

“రెండెకరాల చేను?”

“దానికే.”

చెంబు కాడ కూడా పేచీ పెట్టే మొగుళ్లనే చూశాడు లాయరు. “మరి నీకు?”

“బర్రె. దాని దూడ. పెరట్లో కొట్టం.”

మాలకొండమ్మ చటుక్కున తలెత్తింది. “బర్రెనియ్యను. కావాలంటే చేను తీసుకోమను!”

“నీకేమన్నా మతి పోయిందా?” అని కసిరాడు వీరరాఘవయ్య. తను ఆమె తరఫు లాయరు. ఆమె మంచి ఆమెకు తెలియకపోతే తనే చూడాలి. అరగంట నచ్చజెప్పి బర్రెను వదిలించాడు.

“ఇక భరణం. నెలకెంతిస్తావయ్యా?”

“రూపాయలు యాడియి సారూ? పూటకు శేరు పాలు పోస్తా. బతికినన్నాళ్లు.”

మాలకొండమ్మ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. పాపం, ఏడుస్తోంది అనుకున్నాడు లాయరు.

“బర్రె వట్టిపోతే?”

“దూడుంది గద. దానిదీ తల్లి గుణమే.”

“నీళ్లు కలిపితే?” వీరరాఘవయ్య వేలు చూపించాడు. “అట్లా కుదరదు. రెండు పూటలా ఈమె కొట్టానికొస్తుంది. ఈమె కళ్లెదుటే పితకాలి. ఒక్క పూట తప్పినా కోర్టుకీడుస్తా!”

“అట్లనే రాయండి సారూ. గట్టిగా రాయండి.”

వేలిముద్రలు పడ్డాయి. మెట్లు దిగుతూ మాలకొండమ్మ అడిగింది. “తెల్లారి ఎన్నింటికి రావాలయ్యా?”

“అయిదుకు. కాఫీ పెడతా. కూచోని మాట్లాడుకుందాం.”

ఎంత పకడ్బందీగా రాయించానో అని వీరరాఘవయ్య తృప్తిగా పొడుం పీల్చాడు.

మాలకొండమ్మ చెయ్యి పడితే తప్ప ఆ బర్రె చుక్క పాలు చేపదన్న సంగతి మాత్రం ఆరు పేజీల ఒప్పందంలో ఎక్కడా లేదు.